14 కిలోల హామీ

దక్షిణాఫ్రికా కాస్పిర్ బండి గురించి ఎక్కడ చదివినా రెండు అంకెలు ఎదురవుతాయి. చక్రం కింద 21 కిలోల టీఎన్‌టీ, పొట్ట కింద 14 కిలోలు. సోవియట్ తయారీ టీఎం-57 మందుపాతర ఒక్కోదానిలో ఇంచుమించు 7 కిలోల మందు పడుతుంది. అలాంటివి మూడు పేర్చి చక్రం కింద పేల్చినా, రెండు పేర్చి పొట్ట కింద పేల్చినా లోపల కూర్చున్నవాళ్లు బతికి బయటపడాలన్నది లెక్క. అప్పటి శత్రువు చేతిలో ఉన్న ఆయుధాన్ని చూసి, దాన్ని రెండింతలో మూడింతలో చేసి వేసిన లెక్క అది. మందుపాతరలను తట్టుకునేలా కట్టిన ప్రతి సైనిక వాహనం వెనకా ఇలాంటి అంకె ఒకటి ఉంటుంది. ఈ బండ్లు పనికొస్తాయా, డబ్బు దండగా, వీటిని నమ్మి మనుషుల్ని ఎక్కించవచ్చా అన్న వాదనలు బాగ్దాద్‌లో జరిగినా బస్తర్‌లో జరిగినా ఆ అంకె దగ్గరే తేలాలి. తయారుచేసినవాడు దాన్ని కరపత్రంలో అచ్చువేస్తాడు. రోడ్డు తవ్వేవాడూ దాన్ని చదువుకుంటాడు.

ఈ బండ్లు పెద్ద దేశాల ప్రయోగశాలల్లో పుట్టలేదు. 1970లలో రొడీషియా, అంటే నేటి జింబాబ్వే, తెల్ల మైనారిటీ పాలనలో ఉంది. అంతర్జాతీయ ఆంక్షల వల్ల బయటి నుంచి ఆయుధాలు తెచ్చుకోవడం కష్టం. విముక్తి గెరిల్లాలు పల్లె మట్టిరోడ్లలో రాత్రికి రాత్రి మైన్లు పాతి వెళ్లిపోయేవారు. అక్కడి సైన్యం, పోలీసులు, తెల్ల రైతులు మొదట చేతికందినదే వాడారు. లారీల అడుగున ఇసుక బస్తాలు పరిచారు. టైర్లలో నీళ్లు నింపారు, పేలుడు వేడినీ ఊపునూ కొంత అవి తాగేస్తాయని. ఎర్నెస్ట్ కాన్షెల్ అనే ఇంజినీరు ఫోక్స్‌వాగన్ కాంబి విడిభాగాలతో లెపర్డ్ అనే చిన్న వాహనం కట్టాడు. చక్రాలు మనుషులకు దూరంగా, మనుషులు నేలకు ఎత్తులో, మధ్యలో వి ఆకారపు ఉక్కు తొట్టె. పేలితే చక్రం ఎగిరిపోతుంది, తొట్టె మిగులుతుంది. ఆయనే తరువాత పూకీ అనే మైన్లు వెతికే బండీ చేశాడు. రేసుకార్లకు వాడే వెడల్పాటి టైర్లు దానికి బిగించారు. బరువు పరుచుకుని నేల మీద ఒత్తిడి తగ్గితే మైన్ పేలదు, దాని మీదుగానే వెళ్తూ అడుగున లోహం ఉందో లేదో పసిగట్టవచ్చు. కోటానుకోట్లు పెట్టి నేడు కొనే వాహనాల్లో ఉన్న ఊహలు చాలావరకు ఆ షెడ్డుల్లోనే పుట్టాయి.

దక్షిణాఫ్రికా వాటిని అందిపుచ్చుకుంది. హిప్పో వచ్చింది, 1978 ప్రాంతంలో యూనిమాగ్ లారీ చాసిస్ మీద బఫల్ వచ్చింది. బఫల్‌లో పది మంది సైనికులు వీపులు కలిపి, బయటికి చూస్తూ, బెల్టులు బిగించుకుని కూర్చునేవారు. పైకప్పు ఉండేది కాదు. ఆ దశాబ్దం చివర్లో ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్, అక్కడి పోలీసు శాఖ కలిసి కాస్పిర్‌ను రూపొందించాయి. దీనితో ముడిపడిన పేరు డాక్టర్ వెర్నాన్ జాయింట్. బండి బరువు 11 టన్నుల దరిదాపు, ఇద్దరు సిబ్బంది, పన్నెండు మంది ప్రయాణికులు. దీనికి విడిగా చాసిస్ లేదు. వి ఆకారపు ఉక్కు పెట్టే చాసిస్, దానికే ఇరుసులు బిగిస్తారు. పేలుడులో ఇరుసు విరిగితే కొత్తది తెచ్చి బిగించుకుని మళ్లీ రోడ్డెక్కవచ్చు. అడవిలో వర్క్‌షాపుకు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నవాళ్లకు దీని విలువ ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

అయితే ఆ బండి ఎవరి ప్రాణాలు కాపాడిందో కూడా చెప్పాలి. నమీబియాలో కూఫుట్ అనే పేరుమోసిన పోలీసు దళం కాస్పిర్ల మీద తిరుగుతూ గెరిల్లాలను వేటాడింది. 1980లలో నల్లజాతి బస్తీల వీధుల్లోకి దిగిన కాస్పిర్ వర్ణవివక్ష పాలనకే గుర్తుగా మారింది. చాలా ఏళ్ల తరువాత రాల్ఫ్ జిమన్ అనే కళాకారుడు ఒక కాస్పిర్‌ను మొత్తం పూసలతో కప్పి ప్రదర్శనకు పెట్టాడంటే ఆ గాయం ఎంత లోతైనదో ఊహించుకోవచ్చు. వర్ణవివక్ష పోయాక అదే బండిని మెకెమ్ సంస్థ మొజాంబిక్, అంగోలా వంటి చోట్ల మందుపాతరలు ఏరివేసే పనికి వాడింది. రోడ్డు మీద గాలిని ఫిల్టర్లలోకి పీల్చుకుంటూ కాస్పిర్ వెళ్లేది, ఆ ఫిల్టర్లను తరువాత కుక్కలు వాసన చూసి ఏ ముక్కలో మందు ఉందో చెప్పేవి. ఉక్కుకు పక్షం లేదని కొందరంటారు. ఆ మాట పూర్తిగా ఒప్పుకోలేను. ఎవరు లోపల, ఎవరు బయట అన్నదాన్ని బట్టి ఒకే బండి అంబులెన్సూ అవుతుంది, జైలుగోడా అవుతుంది.

పేలుడు జరిగినప్పుడు ఏమవుతుందో కాస్త వివరంగా చూడాలి, ఎందుకంటే మిగతా వాదనంతా దాని మీదే నిలబడి ఉంది. మందు క్షణంలో వెయ్యో వంతు కూడా పట్టకుండా వాయువుగా మారి, పైనున్న మట్టినీ రాళ్లనూ నెట్టుకుంటూ లేస్తుంది. బండి అడుగు బల్లపరుపుగా ఉంటే ఆ తాకిడినంతా తనమీదే వేసుకుని వంగిపోతుంది లేదా చిరిగిపోతుంది. వి ఆకారపు అడుగు అంటే పెంకుటింటి కప్పును తలకిందులు చేసి బిగించినట్టు: పైకి వచ్చే వాయువూ మట్టీ రెండు వాలుల వెంబడి పక్కలకు జారిపోతాయి. పేలుడుకూ ఉక్కుకూ మధ్య ఎడం పెరిగేకొద్దీ తాకిడి చాలా వేగంగా పడిపోతుంది కాబట్టి బండిని ఎత్తుగా కడతారు. ఈ రెండిటికీ మూల్యం ఉంది. ఎత్తు పెరిగితే గురుత్వ కేంద్రం పైకి పోతుంది, ఇరుకు గట్ల మీద బండి పల్టీ కొడుతుంది. ఇరాక్, అఫ్ఘానిస్థాన్ కాలవ గట్ల మీద ఇలా బోల్తాపడి నీళ్లలో మునిగి చనిపోయిన సైనికులు ఉన్నారు. ఎత్తైన బండి దూరం నుంచి కనిపిస్తుంది, రాకెట్ గురిపెట్టేవాడికి సులువు.

ఉక్కు పగలకపోయినా మనిషి చావవచ్చు. ఈ సంగతి బయటివాళ్లకు అంతగా తెలియదు. అడుగు పలక పైకి దూసుకొస్తే పాదాలు దాని మీద ఆన్చి ఉన్నవాడి మడమలు, కాలి ఎముకలు నుజ్జవుతాయి. సీటు నేలకు బిగించి ఉంటే ఆ ఊపు నేరుగా వెన్నెముకకు చేరి నడుము పూసలు నలిగిపోతాయి. బెల్టు లేకపోతే తల కప్పుకు కొట్టుకుంటుంది. గాల్లోకి లేచిన పది పన్నెండు టన్నుల బండి మళ్లీ కింద పడేటప్పుడు రెండో దెబ్బ. లోపల కట్టకుండా వదిలేసిన తూటాల పెట్టె, జాకీ, నీళ్ల క్యాను మనుషుల మీదికి విసిరేసిన రాళ్లవుతాయి. అందుకే మంచి వాహనాల్లో సీట్లను కప్పు నుంచో గోడల నుంచో వేలాడదీస్తారు, పాదాలకు నేలను తాకని మెట్టు పెడతారు, నాలుగు పట్టీల బెల్టు ఇస్తారు. పరీక్షల్లో కొలతలు తీసే బొమ్మ మనిషిని కూర్చోబెట్టి మెడ, నడుము, కాలి ఎముకల మీద ఎంత బరువు పడిందో చూస్తారు. బండి పనికిరాకుండా పోయినా ఫరవాలేదు, బొమ్మ బతికితే పాసు. అడవిలో దిగి పరుగెత్తాల్సిన జవాను నిండు సరంజామాతో బెల్టు కట్టుకోవడానికి విసుక్కుంటాడు. ఆ విసుగు అర్థమవుతుంది. కానీ బెల్టు కట్టుకోనివాడికి 14 కిలోల హామీ వర్తించదు.

నాటో దేశాలు ఈ పరీక్షలకు 4569 అనే నంబరుతో ఒక ప్రమాణం పెట్టుకున్నాయి. రెండో స్థాయికి 6 కిలోలు, మూడో స్థాయికి 8, నాలుగో స్థాయికి 10. ఒక్కో స్థాయిలో చక్రం కింద పేలిస్తే ఒక మార్కు, నడుము కింద పేలిస్తే మరో మార్కు. మైన్ల వరకు అక్కడితో నిచ్చెన అయిపోతుంది. కర్మాగారంలో తయారైన ట్యాంకు మైన్లను దృష్టిలో పెట్టుకుంటే ఈ అంకెలు సబబే. టీఎం-62 అనే రష్యన్ మైన్‌లో 7.5 కిలోల మందు ఉంటుంది. కల్వర్టు కింద ఎరువుల సంచుల్లో కూరిన మందుకు మాత్రం ఏ కర్మాగారమూ పరిమితి పెట్టలేదు.

ఆ పరిమితి లేనితనం మొదట బాగా అనుభవంలోకి వచ్చిన దేశాల్లో శ్రీలంక ఒకటి. 1980లలో అది బఫల్ బండ్లు కొని, వాటిని చూసి సైనిక వర్క్‌షాపుల్లో యూనికార్న్, యూనిబఫల్ అని సొంతంగా కట్టుకుంది. ఎల్టీటీఈ మైన్ల పరిమాణం పెంచుతూ పోయింది. 1992 ఆగస్టులో అరాలీ వద్ద ఆ దేశపు పేరున్న సేనాని డెంజిల్ కొబ్బెకడువ మందుపాతరకు బలైనప్పుడు ఆయన ఎక్కింది మామూలు ల్యాండ్ రోవర్. ఉక్కు బండ్లు ఉన్న సైన్యంలోనూ మనుషులు ఏ బండిలో వెళ్తారన్నది హడావుడిలోనో అలవాటులోనో తేలిపోతుంది. మన దగ్గరా ఇదే జరిగింది, ఆ సంగతి తరువాత చెబుతాను.

అమెరికా కథ పెద్దది, ఖరీదైనది. ఇరాక్‌లో రోడ్డు బాంబులు మొదలయ్యాక బల్లపరుపు అడుగున్న హంవీలకు పక్కల ఉక్కు రేకులు తగిలించారు. కింద నుంచి వచ్చే దెబ్బకు అది మందు కాదు. 2005 ఫిబ్రవరిలోనే పశ్చిమ ఇరాక్ నుంచి మెరైన్ కమాండర్లు మైన్లను తట్టుకునే 1,169 బండ్లు అత్యవసరంగా కావాలని రాశారు. ఆ కాగితం వాషింగ్టన్‌లో నెలల తరబడి నానింది. ఫ్రాంజ్ గేల్ అనే మెరైన్ శాఖ ఉద్యోగి ఈ జాప్యాన్ని బయటపెట్టి చిక్కుల్లో పడ్డాడు. 2007 వసంతంలో అన్బార్ ప్రాంతంలో మైన్లను తట్టుకునే కూగర్ బండ్ల మీద 300కు పైగా దాడులు జరిగినా లోపలున్న మెరైన్ ఒక్కడూ చనిపోలేదన్న వార్త పత్రికలో వచ్చింది. రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ దాన్ని చదివాడు. మే నెలలో, తన శాఖలో అన్నిటికన్నా ముందు జరగాల్సిన కొనుగోలు ఈ బండ్లదే అన్నాడు. తరువాతి కొన్నేళ్లలో ఎంరాప్ పేరుతో 27,000కు పైగా బండ్లు తయారయ్యాయి, ఖర్చు 5,000 కోట్ల డాలర్ల దరిదాపుకు చేరింది. తొందరలో వాటిని విమానాల్లో కూడా మోశారు. అఫ్ఘానిస్థాన్ కొండదారులకు అవి మరీ బరువని తేలాక, 2009లో ఓష్కోష్ సంస్థ నుంచి తేలికైన ఎం-ఏటీవీలు కొన్నారు.

ఇంత డబ్బు పోసినది సరైన పనేనా? 2012లో క్రిస్ రోల్ఫ్స్, ర్యాన్ సల్లివన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు కాదన్నారు. మామూలు బండ్ల నుంచి ఒక మోస్తరు కవచమున్న బండ్లకు మారితే ప్రాణనష్టం తగ్గిందనీ, అక్కడి నుంచి ఎంరాప్‌కు మారడం వల్ల అదనంగా ఒరిగింది లెక్కల్లో కనిపించడం లేదనీ వారి వాదన. రక్షణ శాఖ దాన్ని గట్టిగా ఖండించింది. నాకు ఈ తగాదాలో ఇద్దరి మాటలోనూ కొంత పసే కనిపిస్తుంది. 2007 చివరికి ఇరాక్‌లో హింసే తగ్గుముఖం పట్టింది కాబట్టి బండి వల్ల ఎంత తగ్గిందో విడదీసి చెప్పడం కష్టం. అలాగని దానిలో కూర్చుని బతికి వచ్చినవాళ్ల తల్లులను పిలిచి సగటులు చూపించలేం. వాదనలో ఎవరూ కాదనని సంగతి ఒకటుంది: యుద్ధం ముగిశాక ఆ బండ్లను ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. కొన్నిటిని అఫ్ఘానిస్థాన్‌లోనే ముక్కలు చేసి తుక్కు కింద అమ్మేశారు. కొన్ని అమెరికా చిన్న ఊళ్ల పోలీసు ఠాణాలకు చేరాయి. 2014లో ఫెర్గూసన్ నిరసనల వేళ పోలీసుల చేతిలో యుద్ధ సామగ్రి ఎందుకన్న ప్రశ్న దేశమంతా లేచింది. కాస్పిర్ బస్తీల్లోకి దిగినప్పటి ప్రశ్నే.

మన దేశానికి వస్తే, కాస్పిర్‌లను 1990ల చివర్లో దక్షిణాఫ్రికా నుంచే తెప్పించుకున్నారు. కాశ్మీర్‌లో సైన్యం వాడింది. తరువాత ఆ రూపాన్నే అనుసరించి జబల్పూర్ వాహన కర్మాగారంలోనూ, మెదక్ ఆయుధ కర్మాగారంలోనూ సొంతంగా తయారు చేయడం మొదలైంది. మెదక్ కర్మాగారం అంటే హైదరాబాద్ పక్కన, నేటి సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో 1984లో పెట్టినది. సైన్యానికి బీఎంపీ-2 సారథ్ బండ్లు ఇచ్చేది అదే. 2021లో ఆయుధ కర్మాగారాల బోర్డును ఏడు సంస్థలుగా విడగొట్టినప్పుడు ఈ రెండూ ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ కిందికి వెళ్లాయి. మన పత్రికలు, పోలీసులు మైన్‌ప్రూఫ్ వాహనం అని పిలిచే బండి ఇదే. ఎక్కువగా వెళ్లింది సీఆర్‌పీఎఫ్‌కు, మావోయిస్టు ప్రాంతాల రాష్ట్ర పోలీసులకు.

ఈ కథలో తెలుగువాళ్లు రెండు వైపులా ఉన్నారు. మెదక్‌లో వెల్డింగ్ చేసినవాళ్లు ఒకవైపు. ఇంకోవైపు పీపుల్స్‌వార్ నాటి నుంచి మందుపాతరను ప్రధాన ఆయుధంగా మలిచిన నాయకులు. మావోయిస్టు పార్టీ కేంద్ర మిలిటరీ కమిషన్‌ను నడిపి, తరువాత ప్రధాన కార్యదర్శి అయిన నంబాల కేశవరావు శ్రీకాకుళం జిల్లా మనిషి, వరంగల్ ఆర్‌ఈసీలో ఇంజినీరింగ్ చదివినవాడు. 2025 మే 21న అబూజ్‌మడ్‌లో ఎదురుకాల్పుల్లో చనిపోయాడు. 2000 మార్చి 7న ఘట్‌కేసర్ దగ్గర మంత్రి మాధవరెడ్డి ప్రాణం తీసింది మందుపాతరే. 2003 అక్టోబరు 1న అలిపిరిలో చంద్రబాబు నాయుడి మీద పేలినవి క్లెమోర్ మైన్లు. క్లెమోర్ పక్క నుంచి ఇనుప ముక్కలను చిమ్ముతుంది, వి ఆకారపు అడుగుకూ దానికీ సంబంధం లేదు. ఒక పేలుడుకు చేసిన బండి మరో పేలుడు ముందు మామూలు బండే.

మైన్‌ప్రూఫ్ బండ్లు బస్తర్‌కు, జార్ఖండ్‌కు, మల్కనగిరికి వెళ్లాక ఏమైందో తేదీలే చెబుతాయి. 2005 సెప్టెంబరులో బస్తర్‌లోని పడేడా దగ్గర ఒకదాన్ని పేల్చేశారు, 24 మంది పోయారు. 2008 జూలై 16న మల్కనగిరిలో 17 మంది ఒడిశా పోలీసులు. 2012 జనవరిలో జార్ఖండ్ గఢ్వా జిల్లాలో 13 మంది. 2018 మార్చి 13న సుక్మా జిల్లా కిష్టారం దారిలో 9 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు. బండి 14 కిలోలకు కట్టినదైతే కింద పెట్టింది పదుల కిలోలు. సీఆర్‌పీఎఫ్ అధిపతిగా ఉన్న కె. విజయకుమార్ వీటిని చక్రాల మీది శవపేటికలని అన్నారు. ఆ మాట పత్రికల్లో బాగా నలిగింది, బండి పేరు అక్కడితో చెడింది.

ఆ మాటలో న్యాయం ఉంది, అన్యాయమూ ఉంది. ఈ బండ్లలో ఎక్కినవాళ్లు చనిపోతే వార్త అవుతుంది. అవి తట్టుకున్న చిన్న పేలుళ్లు, వాటి మీద తగిలి జారిపోయిన తూటాలు లోపలి పేజీలో రెండు లైన్లు. మామూలు బండ్లలో వెళ్లినవాళ్ల సంగతేమిటి? 2019 మే 1న గడ్చిరోలిలో ప్రైవేటు వాహనంలో వెళ్తున్న 15 మంది పోలీసులు, డ్రైవరు. 2023 ఏప్రిల్ 26న దంతెవాడ జిల్లా అరన్‌పూర్ దగ్గర మినీ వ్యాన్‌లో 10 మంది డిస్ట్రిక్ట్ రిజర్వ్ గార్డ్ (డీఆర్‌జీ) జవాన్లు, డ్రైవరు. 2025 జనవరి 6న బీజాపూర్ కుట్రూ ప్రాంతంలో 8 మంది జవాన్లు, డ్రైవరు. కూంబింగ్ ముగించుకుని అలసిపోయి, నాలుగు రోజులుగా నడిచిన కాళ్లతో, అందుబాటులో ఉన్న బండి ఎక్కి ఇంటిదారి పట్టినప్పుడే చాలాసార్లు ఇవి జరిగాయి. ఈ మూడు చోట్లా మైన్‌ప్రూఫ్ బండి ఉంటే బతికేవారని అనలేం, మందు పరిమాణాన్ని బట్టి అది తేలుతుంది. కానీ బండి శవపేటిక కాబట్టి మామూలు వ్యాన్ నయం అనే వాదన ఈ తేదీల ముందు నిలవదు.

నా దృష్టిలో అసలు లోపం ఉక్కు మందంలో లేదు. మందుపాతర పెట్టడానికి రెండు కావాలి: ముందుగా తవ్వుకునే వ్యవధి, బండి ఇదే దారిన వస్తుందన్న నమ్మకం. ఉక్కు బండి చేతికి వచ్చాక ఆ రెండూ పెరిగాయి. రోడ్డు మీద వెళ్లవచ్చన్న ధైర్యం వస్తుంది, ముందుగా దారి తనిఖీ చేసే రోడ్డు ఓపెనింగ్ పార్టీ నడిచి చూడాల్సిన నాలుగు కిలోమీటర్లు రెండు కిలోమీటర్లవుతాయి. పది టన్నులు దాటిన బండి పొలాలకు అడ్డం పడి పోలేదు, కల్వర్టులున్న తార్రోడ్డే దానికి దిక్కు. అక్కడే గోతులు ముందే సిద్ధంగా ఉంటాయి. బస్తర్‌లో తారును ముట్టకుండా, రోడ్డు పక్క నుంచి అడ్డంగా సొరంగం తవ్వి మందు దూర్చే పద్ధతి వచ్చాక పైనుంచి చూసి కనిపెట్టడం మరీ కష్టమైంది. రోడ్డు వేసేటప్పుడే కింద పెట్టి ఏళ్ల తరువాత పేల్చే వీలూ ఉంది. అలాంటి చోట లోహం వెతికే యంత్రానికి అందనంత లోతులో మందు ఉంటుంది, వైరు చివర కొండ మీద ఒక మనిషి ఉంటాడు.

ఆంధ్రప్రదేశ్ పోలీసుల గ్రేహౌండ్స్ దళం దీనికి వేరే జవాబు వెతుక్కుంది. 1989లో కె.ఎస్. వ్యాస్ నేతృత్వంలో మొదలైన ఈ దళం అడవిలోకి కాలినడకన పోవడాన్ని పద్ధతిగా పెట్టుకుంది. వెళ్లిన దారిన తిరిగి రారు, రోడ్డు వాడరు. మనిషి తన రెండు కాళ్ల మీద ఎటైనా వెళ్లగలడు, ఎదుటివాడు ఎక్కడ తవ్వాలో తేల్చుకోలేడు. ఈ పద్ధతి ఎంత బలమైనదో, దాన్ని వదిలిన రోజు ఏమవుతుందో 2008 జూన్ 29న బలిమెల జలాశయంలో తెలిసింది. అలసిన దళం పడవెక్కింది, దాడిలో 38 మంది పోయారు. అక్కడ మందుపాతర లేదు. నడక ఆపి, తప్పించుకునే దారిలేని ఒక ఇరుకులోకి ప్రవేశించడమే ఉంది. మైన్‌ప్రూఫ్ బండి కూడా మనుషుల్ని అలాంటి ఇరుకులోనే పెడుతుంది.

ఐక్యరాజ్యసమితి శాంతిదళాలకు మాత్రం నడక అనే జవాబు లేదు. మాలి దేశంలో 2013 నుంచి 2023 దాకా సాగిన మినుస్మా దళం సహారా అంచున వందల కిలోమీటర్ల దూరాలకు తిండి, నీళ్లు, డీజిలు చేరవేయాల్సి వచ్చేది. ఆ పదేళ్లలో 300 మందికి పైగా శాంతి సైనికులు చనిపోయారు, వారిలో సగానికి పైగా దాడుల్లో. రోడ్డు బాంబులే ప్రధాన శత్రువు. ఐరాస దగ్గర సొంత సైన్యం లేదు, బండ్లూ లేవు. దళాలు పంపే దేశాలే తమ సామగ్రి తెచ్చుకోవాలి, దానికి నెలనెలా అద్దెలాంటిది లెక్కకట్టి ఐరాస చెల్లిస్తుంది. కాగితం మీద ఇది సబబే. పేద ఆఫ్రికా దేశాల నుంచి వచ్చిన దళాలు పికప్ ట్రక్కులతో దిగాయి. మైన్లను తట్టుకునే బండి కొనే శక్తి ఉన్న దేశాలు పదాతి దళాలను అక్కడికి పంపడానికి పెద్దగా ముందుకు రావు. చావు ఎక్కువగా ఎవరి వాటాకు వస్తుందో ఈ ఏర్పాటులోనే రాసి ఉంది. 2022లో తన సైనికులు వరసగా సరకు కాన్వాయ్‌ల మీద దాడుల్లో చనిపోతుంటే ఈజిప్టు కొన్నాళ్లు పని ఆపేసింది. కాన్వాయ్‌కి ముందూ వెనకా కవచ బండ్లున్నా మధ్యలో డీజిలు ట్యాంకరు నడిపేవాడు రేకు క్యాబిన్‌లోనే కూర్చుంటాడు. మైన్ల గురించి మాట్లాడేటప్పుడు ఆ డ్రైవరు ఎవరికీ గుర్తురాడు.

బ్రెజిల్ సేనాని కార్లోస్ అల్బెర్టో డాస్ శాంటోస్ క్రజ్ నేతృత్వంలో 2017 చివర్లో వచ్చిన నివేదిక ఈ చావుల మీదే. నీలి హెల్మెట్, ఐరాస జెండా ఇక కాపాడవని అది తేల్చి చెప్పింది. శిబిరాల్లో ముడుచుకోవడం భద్రత కాదనీ, చొరవ తీసుకుని కదలాలనీ కూడా అంది. ఈ సలహా మీద మానవతా సంస్థల నుంచి విమర్శలు వచ్చాయి. శాంతిదళం ఊళ్లోకి వెళ్లి మనుషులతో మాట్లాడాలి, ఆ మాటల్లోనే ఫలానా చోట రాత్రి ఎవరో తవ్వారన్న కబురు దొరుకుతుంది. మందపాటి అద్దాల కిటికీ వెనక నుంచి ఆ కబురు వినపడదు. సోమాలియాలో ఆఫ్రికన్ యూనియన్ దళాలకు అమెరికా కాస్పిర్‌లు, మంబా బండ్లు ఇచ్చింది. మొగదీషు వీధుల్లో అవి చాలామందిని కాపాడాయి. ఆ దళాలతో పోరాడే అల్ షబాబ్ కారు బాంబులనూ వాడింది.

భారత సైన్యం 2021 ఫిబ్రవరిలో భారత్ ఫోర్జ్ సంస్థకు కల్యాణి ఎం4 బండ్ల కోసం 177.95 కోట్ల రూపాయల ఆర్డరు ఇచ్చింది. దాని మూలం పారామౌంట్ సంస్థ తయారుచేసిన ఎంబోంబే 4, మళ్లీ దక్షిణాఫ్రికాదే. లద్దాఖ్‌కూ, శాంతిదళాల పనికీ వాడుతున్నారు. సీట్లు, అడుగు, పక్క పేలుళ్లను తట్టుకునే తీరు పాత బండ్ల కన్నా చాలా మెరుగు. సైన్యం శాంతిదళానికి మంచి బండి కొన్న వేగంతో రాష్ట్ర పోలీసులకు ఎందుకు కొనలేదన్న ప్రశ్న న్యాయమైనదే. జవాబు బడ్జెట్ శీర్షికల్లో ఉంది.

2022 తరువాత ఉక్రెయిన్ ఈ చర్చను ఇంకో వైపు తిప్పింది. అక్కడ మైన్లు ఇంట్లో వండినవి కావు, కర్మాగారంలో లక్షల కొద్దీ తయారైనవి. 2023 జూన్‌లో దక్షిణ రంగంలో మైన్ల మధ్య ఆగిపోయిన పాశ్చాత్య బండ్ల ఫొటోలు ప్రపంచమంతా చూసింది, వాటిలో సిబ్బంది చాలామంది దిగి వెనక్కి నడిచి వచ్చారన్నది తక్కువమంది గమనించారు. ప్రమాణంలోని 8 కిలోలు, 10 కిలోలు అక్కడ తమ విలువ చూపాయి. కానీ ఆగిన బండి మీదికి పైనుంచి డ్రోన్ వస్తుంది. యాభై ఏళ్లుగా ఉక్కంతా అడుగున పెట్టుకుంటూ వచ్చిన బండికి కప్పు పలచన. ఎత్తుగా ఉండటం మరీ శాపమైంది. 1997 ఒట్టావా ఒప్పందం మనిషి తొక్కితే పేలే మైన్లను నిషేధించింది, వాహనాలను పేల్చేవి దాని పరిధిలో లేవు. భారత్ దాని మీద సంతకం చేయలేదు. 2025లో పోలండ్, ఫిన్లాండ్, మూడు బాల్టిక్ దేశాలు దాని నుంచి బయటికి వచ్చే పనిలో పడ్డాయి. మైన్ల కాలం ముగిసిందని ఎవరైనా అనుకుని ఉంటే తొందరపడ్డారు.

తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులోని కర్రెగుట్టల మీద 2025 ఏప్రిల్, మే నెలల్లో జరిగిన ఆపరేషన్‌లో 450 ఐఈడీలు దొరికాయని ప్రభుత్వం ప్రకటించింది. బలగాలు ఆ గుట్టలెక్కింది కాలినడకనే. మైన్‌ప్రూఫ్ బండ్లు కిందే ఆగాయి, అది సహజం. దొరకనివి ఎన్ని మిగిలాయో పెట్టినవాళ్లలో చాలామంది ఇప్పుడు చెప్పడానికి లేరు. ములుగు, భద్రాద్రి అడవుల్లోనూ, అవతల బీజాపూర్ వైపూ కట్టెలకూ తునికాకుకూ వెళ్లి ప్రెషర్ మైన్ తొక్కి చనిపోయిన గిరిజనులు ఉన్నారు. పశువులు సరేసరి. పోలీసు మోటారు షెడ్డుల్లో ఉన్న పాత మైన్‌ప్రూఫ్ బండ్లను మొజాంబిక్‌లో చేసినట్టు ఏరివేత పనికి మళ్లిస్తే రోడ్లూ బండిబాటలూ వరకు శుభ్రమవుతాయి. లొంగిపోయినవాళ్లను కూర్చోబెట్టి ఎక్కడెక్కడ పాతారో పటం గీయించడం అంతకన్నా ముందు జరగాలి. బండి ఎక్కలేని కాలిబాటలకు కుక్క, కర్ర, ఓపిక ఉన్న మనిషి కావాలి. దానికి ఏ రాష్ట్రంలో ఏ శాఖ బాధ్యత తీసుకుంటుందో, ఎవరు డబ్బిస్తారో తేల్చాల్సిన ఉత్తర్వు ముందు రావాలి.